అడ్డెడు బియ్యం: ఒక రికార్డింగ్ కేసు

ఈ కేసు రాయాలా వద్దా అని చాలా ఏళ్ళు తాత్సారం చేశాను. ఇందులో ఉన్న ఇద్దరు మామ్మగార్లూ ఇప్పుడు లేరు, వాళ్ళ వాళ్ళు కూడా ఊళ్ళో పెద్దగా ఉండట్లేదు. అయినా ఊరి పేరు, కాలవ పేరు, పెద్దింటివాళ్ళ కులం, పెద్దాయనకి పార్టీలో ఉన్న హోదా ఏదీ రాయట్లేదు, ఒకట్రెండు వివరాలు మార్చాను కూడా. మన గోదారి జిల్లాల్లో మూడు ముక్కలు చెప్తే నాలుగోది రేవు దాటించే పంటు మీద పక్కన నిలబడ్డవాడు చెప్పేస్తాడు.

నా పని ఏంటంటే, పొద్దున్న ఇంటర్ పిల్లలకి హిస్టరీ చెప్పడం, మిగతా టైమ్‌లో రికార్డర్ పట్టుకుని పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవడం. మౌఖిక చరిత్ర అంటారు గానీ మా ఊళ్ళో "ముసలాళ్ళ కబుర్లు రాసుకునే మేడమ్" అనే అంటారు, అదే కరెక్ట్ అనుకుంటా. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఈ ఒక్క కేసే, ఎందుకంటే ఇందులో నేను చెయ్యగలిగిన తప్పులన్నీ వరసగా చేశాను.

నేపథ్యం

2009లో ఒకాయన ఫోన్ చేశారు. వాళ్ళ నాన్నగారు కమ్యూనిస్టు పార్టీలో పాతకాలం మనిషి, పోయి అప్పటికి పన్నెండేళ్ళు. తొంభయ్యో జయంతికి సంచిక వేస్తున్నాం, మా అమ్మగారికి ఎనభై దాటేయి, ఆవిణ్ణి కూడా ఒక గంట రికార్డు చెయ్యండి, నాన్నగారి గురించి నాలుగు మాటలు చెప్తారు అన్నారు. సరే అన్నాను.

పెద్దాయన జీవితం చూస్తే పార్టీ చరిత్రకి గళ్ళు గీసి పెట్టినట్టుంటుంది. 1934లో పార్టీ మీద నిషేధం, అప్పటికి ఆయన హైస్కూలు. యుద్ధం మొదలయ్యాక యుద్ధ వ్యతిరేక ప్రచారం చేసి జైలు. 1942 జూలైలో నిషేధం ఎత్తేశాక బయట పని, 1944లో బెజవాడలో అఖిల భారత కిసాన్ సభ జరిగితే దానికి ఊళ్ళోంచి జనాన్ని తీసుకెళ్ళడం. 1948లో కలకత్తా మహాసభలో పార్టీ లైను మారిపోయింది, పక్కన తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తోంది, మద్రాసు ప్రభుత్వం కృష్ణా గోదావరి జిల్లాల్లోకి మలబార్ స్పెషల్ పోలీసుల్ని (ఎమ్మెస్పీ) దింపింది, ఆయన అజ్ఞాతంలోకి వెళ్ళిపోయారు. 1951లో పోరాటం విరమించాక బయటికొచ్చారు. 1952 ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతంలో పార్టీకి 41 సీట్లొచ్చిన సంబరం, 1955 మధ్యంతరంలో 15కి పడిపోయిన దిగులు, అన్నీ ఆయన డైరీల్లో ఉన్నాయి. 1972 తర్వాత స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కూడా వచ్చింది, యుద్ధకాలంలో పడ్డ జైలుకి.

మామ్మగారికి డైరీ లేదు. ఆవిడ పెళ్ళినాటికి ఆయనకి ఇరవై, ఆవిడకి పన్నెండు.

అసలు సమస్య

మొదటి రోజు రికార్డింగ్ 1 గంట 52 నిమిషాలు వచ్చింది. ఇంటికొచ్చి టైప్ చేస్తుంటే అనుమానం వచ్చి లెక్కపెట్టాను, అందులో మామ్మగారి గొంతు మొత్తం కలిపి అయిదు నిమిషాలు లేదు. మిగతాదంతా కొడుకుగారు, ఇంకా ఆ రోజు ప్రత్యేకంగా పిలిపించిన పెద్దాయన పాత కామ్రేడ్ ఒకాయన. నేను ఆవిణ్ణి అడుగుతాను, ఆవిడ నోరు తెరుస్తారు, ఈలోపు పక్కనుంచి జవాబు వచ్చేస్తుంది. తేదీ తప్పు చెప్తే దిద్దుతారు. ఆవిడ చెప్పిన మాటల్లో సగం ఇవే: "ఆయన్నడగండి", "నాకేం తెలుసండీ", "నేను వంట చేసేదాన్నండీ, అంతే".

కొడుకుగారు చెడ్డవారేం కాదు, అమ్మని బాగా చూసుకునే మనిషి. ఆవిడకి గుర్తుండదని నిజంగానే అనుకుంటున్నారు. నేనూ అదే అనుకున్నాను. నా నోట్‌బుక్‌లో ఆ రోజు "జ్ఞాపకశక్తి తక్కువ, ప్రాధాన్యం తక్కువ" అని రాసి ఉంది. ఆ పేజీ ఇప్పటికీ చింపలేదు.

ఏం ట్రై చేశాను

మొదట కొశ్చనేర్ మార్చాను. గుర్తుకు రావట్లేదంటే క్రమం లేకపోవడం వల్లేమో, చిన్నప్పట్నుంచి వరసగా అడిగితే దారం దొరుకుతుందని లెక్క. "మీరు ఉద్యమంలోకి ఎప్పుడొచ్చారు? ఏ సభలో మాట్లాడారు? జైలుకెళ్ళారా? పార్టీ సభ్యత్వం ఎప్పుడు?" ఇలా నలభై ప్రశ్నలు. అన్నిటికీ ఒకటే జవాబు, లేదు, రాలేదు, వెళ్ళలేదు. నలభై సార్లు ఒక ముసలావిడ చేత "లేదు" అనిపించి వచ్చాను.

ఆ ప్రశ్నలు నాకు ఎక్కణ్ణించి వచ్చాయో తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. మన డెల్టాలో రాజకీయాల్లో ఆడవాళ్ళు అనగానే మాకు పాఠంలా వచ్చేసే పేర్లు దువ్వూరి సుబ్బమ్మగారు, ద్రాక్షారామం ఆవిడ, 1922లో జైలుకెళ్ళారు. తర్వాత దుర్గాబాయిగారు, 1923 కాకినాడ కాంగ్రెస్ అప్పుడు ఖద్దరు ప్రదర్శనకి టికెట్ లేదని నెహ్రూగారినే గుమ్మంలో ఆపేసిన పిల్ల. గొప్పవాళ్ళే, కాదనట్లేదు. కానీ వేదిక, జైలు, టికెట్, సభ, ఈ కొలతలన్నీ వాళ్ళ జీవితాలకి సరిపోయేవి, నేను అవే పట్టుకెళ్ళి వీధి గుమ్మం దాటని మనిషి మీద పెట్టి కొలిచాను.

సరే, రెండోది. కొడుకుగారే అడ్డం అనుకుని ఆయన్ని మర్యాదగా బయటికి పంపించాను, ఆడవాళ్ళ విషయాలు మాట్లాడుకోవాలండీ అని ఒక అబద్ధం చెప్పి. ఆయన నవ్వుతూనే లేచి వసారాలో కుర్చీ వేసుకున్నారు. మామ్మగారి గొంతు ఇంకా తగ్గిపోయింది. కాసేపటికి ఆవిడే "వాడు ఎండలో కూర్చున్నాడేమో చూడండమ్మా" అన్నారు. తర్వాత "మీరు వెళ్ళిపోతారు, నేను ఇక్కడే కదా ఉండాలి" అని చాలా మామూలుగా, కూరలో ఉప్పు తక్కువైంది అన్నట్టు అన్నారు. నేను ఆయన్ని గదిలోంచి పంపగలిగాను గానీ ఆవిడ తినే అన్నం ఆయన పెట్టేదే, మందులు ఆయన తెచ్చేవే, ఆ సంగతి గదిలోంచి వెళ్ళదు. పైగా నేను వచ్చిన ప్రతిసారీ ఇలా చేస్తే ఆయనకి చిరాకొచ్చి ఆ చిరాకు ఎవరి మీద పడుతుంది? అక్కడితో ఆ పద్ధతి ఆపేశాను.

మూడోది నేను చాలా తెలివిగా చేశాననుకున్నది. అదే బాగా బోల్తా కొట్టింది.

ఆ రోజుల్లోనే పక్క పేటలో ఒక మామ్మగారు ఉన్నారని తెలిసింది, వ్యవసాయ కూలీ, అజ్ఞాతం రోజుల్లో కొరియర్ పని, అంటే పార్టీ చిట్టీలు రహస్యంగా చేరవేసే పని చేశారని. వయసు ఇద్దరిదీ దగ్గర దగ్గర. ఇద్దర్నీ కలిపి కూర్చోబెడితే ఒకరి మాటకి ఒకరికి గుర్తొస్తుంది, మగవాళ్ళెవరూ లేకపోతే నోళ్ళు విప్పుతారు, ఇదీ నా ఆలోచన. రమ్మని నేనే వెళ్ళి పిలిచాను, ఆటోలో తీసుకొచ్చాను. ఆవిడ లోపలికి రాలేదు. గుమ్మం బయట గచ్చు మీద కూర్చున్నారు. మామ్మగారు కుర్చీలో. నేను మధ్యలో, రికార్డర్ ఎక్కడ పెట్టాలో తెలీక గడప మీద పెట్టాను, నిజంగానే గడప మీద.

ఆ రోజు మామ్మగారు మొదటిసారి ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడారు. "మా పాలికాపు పెళ్ళాం ఇది, చెప్తే చేసేది, నమ్మకస్తురాలు, పండక్కి చీర పెట్టేవాళ్ళం." పాలికాపు అంటే జీతానికుండే పొలం పనివాడు. రెండో ఆవిడ ప్రతి దానికీ "అమ్మగారు చెప్పినట్టేనండి" అన్నారు. అయిపోయాక మామ్మగారు కోడల్ని పిలిచి ఆవిడకి కాఫీ ఇప్పించారు, స్టీలు గ్లాసుల పక్కన విడిగా ఉంచిన గాజు గ్లాసులో.

దీనికంటే సిగ్గుపడాల్సింది టైప్ చేసేటప్పుడు బయటపడింది. నా ప్రశ్నలు చూసుకుంటే కుర్చీలో ఉన్నావిణ్ణి "మామ్మగారూ, మీరు అప్పుడు ఏం చేశారు" అని అడిగాను, గచ్చు మీద ఉన్నావిణ్ణి "నువ్వేం చేశావు మామ్మా" అని అడిగాను. మూడు పేజీల నిండా అంతే. ఎవరూ చెప్పలేదు నాకు అలా అడగమని. ఇద్దరూ నా కంటే నలభై ఏళ్ళు పెద్దవాళ్ళు. ఆడవాళ్ళు ఆడవాళ్ళు కలిస్తే అధికారం బయట చెప్పుల దగ్గర ఆగిపోతుందని నేను ఊహించుకుంటే, అది నా క్రియాపదంలోనే కూర్చుని ఉంది.

ఆ తర్వాత రెండు నిర్ణయాలు తీసుకున్నాను. ఇద్దర్నీ ఇంకెప్పుడూ కలిపి రికార్డు చెయ్యకూడదు, రెండో ఆవిడ దగ్గరికి నేనే వెళ్ళాలి, వాళ్ళింటికి, వాళ్ళ మంచం మీద కూర్చుని. రెండోది, మామ్మగారి దగ్గరికి కొన్నాళ్ళు రికార్డర్ లేకుండా వెళ్ళాలి.

ఏది పనిచేసింది

రికార్డర్ లేకుండా వెళ్ళిన నాలుగోసారో అయిదోసారో, మామ్మగారు చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. నేనూ పక్కన కూర్చుని ఏరుతున్నాను. ఊరికే నోటికొచ్చి అడిగాను, అప్పట్లో రోజుకి ఎంత బియ్యం పడేదండీ మీ ఇంట్లో అని.

"ఇంటికైతే మానెడు. మనుషులుంటే అడ్డెడు." అడ్డెడు అంటే మానెడుకి రెట్టింపు.

ఏ మనుషులు?

"వాళ్ళే."

చెయ్యి ఆగలేదు, తల ఎత్తలేదు, చెప్పుకుంటూ పోయారు. కొట్టు తాళం అత్తగారి దగ్గర. బియ్యం కొలిచి ఇచ్చేది అత్తగారే. ఆవిడకి పార్టీ అంటే పడదు, కొడుకుని పాడుచేసిందని కోపం, అయినా మానెడు కొలిచాక కోడలి మొహం ఓసారి చూసి, ఏమీ అడక్కుండా ఇంకో మానెడు పోసేసేవారట. అత్తాకోడళ్ళ మధ్య దాని గురించి ఒక్క మాట కూడా ఎప్పుడూ నడవలేదట, మూడేళ్ళూ. "ఆవిడ పోయ్యకపోతే నేనేం చేద్దును, చెప్పండి."

వంట సాయంత్రం దీపాలు పెట్టకముందే అయిపోవాలి. రాత్రిపూట పొయ్యి వెలిగిస్తే కొబ్బరిమట్టల పొగ కాలవ గట్టు మీదికి తెలుస్తుంది, ఆ గట్టు మీదే పోలీసులు తిరిగేది. అందుకని పగలే ఎక్కువ వండి నీళ్ళు పోసి ఉంచేవారు, రాత్రి వచ్చినవాళ్ళకి చద్దన్నం, నంజుకోడానికి ఆవకాయ. ఇంకో సంగతి ఎంగిలాకులు. పెంటకుప్ప మీద ఎన్ని ఆకులున్నాయో చూస్తే ఇంట్లో ఎంతమంది తిన్నారో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు, ఎమ్మెస్పీవాళ్ళు ఆకులు లెక్కపెడతారని ఎవరో చెప్పారట. ఈవిడ అరిటాకులే వేసి, తిన్నాక గేదెకి పడేసేవారు. "సాక్ష్యం అది నమిలేసేదండీ" అని నవ్వారు. అదే మొదటిసారి ఆవిడ నవ్వడం చూడ్డం నేను.

ఇదంతా ఎవరు చెప్పారు మీకు, పార్టీ వాళ్ళా అని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూశారు. "వంట గురించి వాళ్ళకేం తెలుసు?"

అక్కడ నాకు వెలిగింది. దీన్ని పార్టీ భాషలో డెన్ నడపడం అంటారు, అంటే అజ్ఞాతంలో ఉన్నవాళ్ళు తలదాచుకునే చోటు నడపడం. డెన్ భద్రత, మనుషుల లెక్క, పొగ టైము, సాక్ష్యం మాయం చెయ్యడం, అన్నీ ఈవిడే ఆలోచించి ఈవిడే నిర్ణయించారు, ఇదే పని మగవాళ్ళు చేస్తే సంచికలో రెండు పేజీలు వచ్చేది. ఆవిడకి గుర్తులేకపోవడం కాదు, భయం ఒక్కటే కాదు. నేను "ఉద్యమం" అని అడిగితే ఆవిడ ఉద్యమం గురించి తెలిసింది చెప్పారు, అంటే ఏమీ లేదని. వంట గురించి అడిగితే మూడేళ్ళ అజ్ఞాతం మొత్తం వచ్చింది. నన్ను చాలాకాలం విసిగించిన "నేను వంట చేసేదాన్నండీ, అంతే" అన్న మాట పూర్తి నిజం. ఆ "అంతే"ని నేను తప్పుగా విన్నాను.

తర్వాత వెళ్ళినప్పుడు ఈ కబుర్లు రికార్డు చేసుకోనా అని అడిగితే చేసుకోమన్నారు. కొడుకుగారు కూడా అడ్డం రాలేదు, ఎందుకంటే వంట విషయాల్లో దిద్దడానికి ఆయనకి ఏమీ లేదు. ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని వినేవారు, ఒకరోజు "ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా" అన్నారు. "నువ్వెప్పుడు అడిగావురా" అన్నారావిడ.

ఇలా వస్తువులు పట్టుకుని వెనక్కి వెళ్తుంటే పెళ్ళి కూడా వచ్చింది. పసుపు బట్టల మూట గురించి ఏదో అడిగితే, పెళ్ళి యానాంలో అయిందన్నారు. శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చేస్తే నేరం. యానాం అప్పట్లో ఫ్రెంచివాళ్ళది, అక్కడ ఈ చట్టం లేదు, అందుకని గోదావరి జిల్లాల వాళ్ళు పిల్లల్ని పడవలెక్కించి అక్కడికి తీసుకెళ్ళి పెళ్ళిళ్ళు చేసేవారు, దానికి కళ్యాణపురం అని పేరు కూడా పడింది. పన్నెండేళ్ళ పిల్ల, దేశం సరిహద్దు దాటించి మరీ పెళ్ళి చేశారు. నా కొశ్చనేర్‌లో మొదటి ప్రశ్న "ఉద్యమంలోకి ఎప్పుడొచ్చారు" అని ఉంది కదా, ఆవిడ జీవితంలో రాజకీయం అంతకంటే చాలా ముందే వచ్చి పడవ ఎక్కించింది.

పింఛను ఫైలు

మధ్యలో కొడుకుగారు పెద్దాయన పింఛను ఫైలు చూపించారు. రూల్స్ తెలిసినవే, మామూలుగా అయితే జైల్లో కనీసం 6 నెలలు ఉండాలి, ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి 3 నెలలు చాలు. అజ్ఞాతం అని చూపించాలంటే కోర్టు ప్రకటనో, తలకి వెల కట్టిన కాగితమో, డిటెన్షన్ ఆర్డరో కావాలి. ఆడవాళ్ళకి మూడు నెలలు తగ్గించడం మంచి ఆలోచనే గానీ, అజ్ఞాతంలో ఉన్నవాడికి కాగితం ఉంటుంది, ఆయనకి అన్నం పెట్టినావిడకి ఏ కాగితం ఉంటుంది? పైగా 1948 తర్వాతది స్వాతంత్ర్యం వచ్చాక జరిగింది కాబట్టి ఆ లెక్కలోకే రాదు. ఫైలంతా తిరగేస్తే మామ్మగారి పేరు ఉన్నది భార్య అన్న గడిలో, ఆయన పోయాక కుటుంబ పింఛను కాగితాల్లో, తర్వాత ఏటేటా నవంబర్‌లో బ్యాంకుకెళ్ళి తాను బతికే ఉన్నానని వేలిముద్ర వేసిన పత్రాల్లో. సంతకం వచ్చు ఆవిడకి. కళ్ళు సరిగ్గా కనపడక వేలిముద్ర వేస్తున్నారు.

ఈ ఫైలు చూశాకే నాకు ఇంకో పట్టుదల వచ్చింది, ఆవిడ చెప్పిన ప్రతిదానికీ ఇంకో ఆధారం వెతకాలని. దాంతో రెండో ఆవిడ దగ్గరికి వెళ్ళడం పెంచాను, కానీ అక్కడ ఆధారం దొరక్కపోగా వేరే కథ దొరికింది.

రెండో మామ్మగారు

పేటలో వాళ్ళ ఇంటి ముందు వేపచెట్టు కింద మంచం మీద కూర్చునేవాళ్ళం. "మీరు" అని అడగడం మొదట్లో ఆవిడకే ఇబ్బంది అయింది, "ఏటమ్మా కొత్తగా" అన్నారు.

ఆవిడ చిట్టీలు మోసేది పిడకల జల్లలో. పేడ అంటిన జల్లలో పోలీసులు చెయ్యి పెట్టరు కదా. మామ్మగారు "చెప్తే చేసేది" అన్నారు. ఈవిడ చెప్పింది వేరు: "నాకు చదువు రాదు గానీ మడిసి తెలుస్తాడు. ఎవరికియ్యాలో ఆళ్ళు చెప్పేవోరు, ఇయ్యాలా వద్దా అని నేను చూసుకునేదాన్ని." ఒకసారి లాకుల దగ్గర ఉండాల్సిన మనిషి బదులు ఇంకెవరో ఉంటే జల్ల దించకుండా నడిచి వెళ్ళిపోయి, చిట్టీ పొయ్యిలో పడేశారట. ఆ సాయంత్రమే ఎమ్మెస్పీ వచ్చింది. పెద్దింట్లో ఆవకాయ జాడీలు పగలగొట్టి, బియ్యంలో కిరసనాయిలు పోసి వెళ్ళారు. ఈవిడ పాక తగలబెట్టారు, ఈవిణ్ణి కొట్టారు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాపడం రాదు, నేను అడక్కపోయినా చాపి చూపించారు, ఎక్కడిదాకా వస్తుందో.

ఇంకో మాట. కొలతలు ఈవిడ కథలో కూడా వచ్చాయి, అడ్డకి రెట్టింపు ఉండే, కూలి కొలిచే కుంచంగా. పార్టీ కూలీ సంఘం పెట్టి కూలి పెంచమంది, కొలత సరిగ్గా ఉండాలంది. పెద్దింట్లో కూడా వెంటనే పెంచలేదు. "ఆయన మీటింగులో చెప్పేవోడు, కుంచం ముసలమ్మ చేతిలో ఉండేది." మామ్మగారి కథలో అడగకుండా ఇంకో మానెడు పోసిన అత్తగారూ, ఈవిడ కథలో కుంచం తలకొట్టి కొలిచిన ముసలమ్మా ఒకరే.

ఇక్కడ చాలామంది చేసే పని, రెండు కథలూ కలిపి మధ్యలో ఒక "నిజం" తయారుచెయ్యడం. నేను కూడా ఒక డ్రాఫ్ట్ రాశాను అలా, చదువుతుంటే రెండు గొంతులూ పోయి నా గొంతు మిగిలింది. చింపేశాను. రెండూ పక్కపక్కన అలాగే ఉంచాను, తేడాలతో సహా. ఎవరిది ఎక్కువ కష్టం అని తూకం వెయ్యడం నా పని కాదనుకున్నాను, కానీ ఎవరి పాక కాలిందో, ఎవరి జాడీలు పగిలాయో అది రాయకుండా "ఇద్దరు వీరవనితలు" అని హెడ్డింగ్ పెట్టడం కూడా కుదరదు.

ఆపేసిన టేపు

మామ్మగారితో చివరి రికార్డింగుల్లో ఒకదాంట్లో 19 నిమిషాల ఖాళీ ఉంది. ఆవిడ "అది ఆపండి" అన్నారు, ఆపాను. పార్టీలోపలి విషయం, అంతవరకే చెప్తాను. అప్పట్లో ఒకరికి చెప్తే, ఉద్యమానికి చెడ్డపేరు వస్తుంది, మనసులో పెట్టుకోమన్నారట. పెట్టుకున్నారు, అరవై ఏళ్ళు. నాకు చెప్పి, దీన్ని ఎక్కడా రాయొద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నారు.

రాత్రంతా నిద్ర పట్టలేదు. చరిత్రకారిణిగా చూస్తే ఆ కేసు మొత్తంలో ముఖ్యమైన సాక్ష్యం అదే. రాయకపోతే అప్పట్లో "మనసులో పెట్టుకో" అన్నవాళ్ళ పనే నేనూ చేస్తున్నట్టు కదా? రాస్తే, ఆవిడ మాట మీద మళ్ళీ ఇంకొకరి నిర్ణయం నడిచినట్టు. నాకు తేడా కనిపించింది ఒకచోట: అప్పుడు ఆవిణ్ణి మాట్లాడొద్దన్నది వేరేవాళ్ళు, ఇప్పుడు వద్దంటున్నది ఆవిడ. నోట్సు కూడా రాసుకోలేదు. ఆవిడ పోయాక కొడుకుగారు ఆ ఖాళీ గురించి అడిగారు, బ్యాటరీ అయిపోయిందని చెప్పాను. ఇందులో నేను చెప్పిన రెండో అబద్ధం అది, దీనికి పశ్చాత్తాపం లేదు.

ఆ కాలం ఆడవాళ్ళందరూ నోరు కుట్టుకోలేదు, అదీ చెప్పాలి. కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన కొండపల్లి కోటేశ్వరమ్మగారు అజ్ఞాతవాసం చేసి, తర్వాత కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసుకుంటూ బతికి, తొంభై దాటాక తన కథ తనే రాసుకున్నారు. రాయడం, రాయొద్దనడం రెండూ వాళ్ళ చేతిలోనే ఉండాలి.

ఏం నేర్చుకున్నాను, ఏం చెడగొట్టాను

కొత్తవాళ్ళకి నేను చెప్పేవి చిన్నవే. తేదీలు అడక్కండి, కొలతలు అడగండి. ఎప్పుడు అనేకంటే ఎంత, ఎక్కడ పెట్టేవారు, తాళం ఎవరి దగ్గర ఉండేది అని అడిగితే అధికారం ఎవరి చేతిలో ఉందో దానంతట అదే చెప్తుంది. ఖాళీ చేతులతో కూర్చోకండి, ఏరడానికో వలవడానికో ఏదో ఒకటి ఉంటే కళ్ళలోకి చూడక్కర్లేదు, మాట సులువుగా వస్తుంది. మనిషిని ఇంట్లోంచి విడదీసి స్వేచ్ఛ ఇచ్చామనుకోకండి. మీ ట్రాన్స్క్రిప్ట్‌లో మీ ప్రశ్నల్ని కూడా చదువుకోండి, ముఖ్యంగా నువ్వు, మీరు.

ఒకటి మాత్రం నేర్చుకోడానికి ఆలస్యమైంది. సంచికలో రెండో మామ్మగారి గురించి ఒక పేజీ పెట్టించడానికి చాలా వాదించాను, కొడుకుగారు "మా పాలికాపు భార్య గురించి నాన్నగారి సంచికలో ఎందుకండీ" అన్నారు, చివరికి ఒప్పుకున్నారు. మామ్మగారే "వెయ్యరా, అది లేకపోతే మీ నాన్న ఎక్కడ" అన్నారు, అందుకని ఒప్పుకున్నారు. ఆ పేజీలో ఆవిడ పేరు నేను తీసేశాను. పేటలో ఉంటున్న మనిషి, కుంచం సంగతి చెప్పింది, ఊళ్ళో పెద్దవాళ్ళకి కోపం వస్తుందేమో, పేరు లేకపోతే క్షేమం అని. మా పనిలో అది పద్ధతి కూడా, అనుమానం ఉంటే పేరు తీసెయ్యి. "ఒక వ్యవసాయ కూలీ మహిళ" అని వేశాను. ఆవిణ్ణి అడగలేదు.

సంచిక పట్టుకెళ్ళి మనవరాలి చేత చదివించాను. ఆవిడ మొత్తం విని, "నా పేరేది?" అన్నారు.

మీ మంచికే తీశానండీ అని ఏదో చెప్పబోయాను. "కొట్టినప్పుడు పేరెట్టి పిలిచే కొట్టేరు. పెద్దింట్లో ఫలానావోడి పెళ్ళాం అంటారు. ఓటు రాయించుకోడానికొచ్చినోళ్ళూ మా ఆయన పేరే అడిగేరు. నువ్వూ తీసేసేవు." 1952 మొదటి ఎన్నికల జాబితాల్లో దేశం మొత్తం మీద, ఎక్కువ ఉత్తరాది రాష్ట్రాల్లో, దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ ఓట్లు పోయాయి, సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకున్నారని. ఏటా క్లాసులో చెప్తాను ఆ సంగతి, పిల్లలు ఆశ్చర్యపోతారు. ఇప్పుడు అదే పని నా చేత్తో నేను చేసి, పైగా రక్షణ అని పేరు పెట్టాను.

సంచికలు పంచేశారు, చేసేదేం లేదు. ఆవిడ పేజీ విడిగా మళ్ళీ టైప్ చేయించాను, పైన ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా, పెద్ద అక్షరాల్లో. లామినేషన్ చేయించి ఇచ్చాను. మనవరాలు చదివి వినిపిస్తే, పేరు దగ్గర ఆగమని, ఇంకోసారి చదవమన్నారు. తర్వాత లోపలికెళ్ళి మంచం కింద రేకుపెట్టె లాగి, రేషన్ కార్డు ఉన్న కవర్లో పెట్టి తాళం వేశారు. ఎడమ చెయ్యి సరిగ్గా చాపలేరు కదా, పెట్టె మూత కుడి చేత్తో ఎత్తి మోకాలితో ఆపుకున్నారు, నేను సాయం చెయ్యబోతే వద్దన్నారు.